శూన్యంలో తీసే పూతరేకు

వెంట్రుకలో వెయ్యో వంతు మందం కూడా ఉండని పొర. తీయడానికి రెండు నిమిషాలు. తీసిందేమిటో తేల్చుకోవడానికి నెలలు. మధ్యలో ఓ గోదావరి సన్యాసి రాసిన పుస్తకం!

సామర్లకోట జంక్షన్. కాకినాడలో బయల్దేరిన గౌతమి, శేషాద్రి, సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లు ఇక్కడికొచ్చాకే చెన్నై-హౌరా పెద్ద లైను అందుకుంటాయి. బండి ఆగగానే పెద్దల చూపు కాజాల పెట్టెల మీదికి, పిల్లల చూపు చిప్స్ ప్యాకెట్ల మీదికి పోతుంది. చిప్స్ అయిపోయాక ఆ ప్యాకెట్‌ని చింపి లోపలివైపు చూడండి. వెండిలా తళతళలాడుతుంటుంది. అది వెండి కాదు. చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిలూ కాదు. అల్యూమినియాన్ని ఆవిరి చేసి ప్లాస్టిక్ మీద పట్టించిన పూత. మందం సుమారు 30 నుంచి 50 నానోమీటర్లు. నానోమీటరంటే మీటరులో వంద కోట్లో వంతు. అలాంటి పొరల్ని ఒకదానిమీద ఒకటి వెయ్యికిపైగా పేరిస్తేగానీ ఒక తల వెంట్రుక మందం రాదు. అంత పలుచని పూతే గాలినీ తేమనీ చాలావరకు బయటే ఆపేస్తుంది. గోదావరి జిల్లాల ముసురులో కూడా చిప్స్ మెత్తబడకపోవడానికి ఇదో ముఖ్య కారణం.

ఇలాంటి పొరల్నే శాస్త్రవేత్తలు థిన్ ఫిల్మ్స్ అంటారు. కళ్లజోడు అద్దాన్ని పక్కకి వంచితే కనిపించే ఆకుపచ్చ మెరుపు, బంగారు రంగు వాచీ మీది టైటానియం నైట్రైడ్ పూత, సెల్‌ఫోన్ తెర మీద వేలి స్పర్శని పసిగట్టే పారదర్శకమైన పొర... అన్నీ ఈ కుటుంబమే. కంప్యూటర్ హార్డ్‌డిస్కుల సామర్థ్యం ఒక్కసారిగా పెరగడానికి కారణమైన పరిశోధన కూడా ఇనుము, క్రోమియం పొరల్ని ఒకదానిమీద ఒకటి వేసి చూడటంతోనే మొదలైంది. 1988లో ఆ పని చేసిన ఆల్బెర్ ఫెర్ట్, పీటర్ గ్రూన్‌బెర్గ్‌లకు 2007లో నోబెల్ వచ్చింది.

ఆత్రేయపురం పాఠం

నోబెల్ సంగతి అలా ఉంచితే, పలుచని పొరల విద్య గోదావరివాళ్లకి కొత్తేం కాదు. పేరులోనే ఉంది చూడండి... పూత, రేకు! నానబెట్టిన బియ్యాన్ని మెత్తగా రుబ్బి, పిండిని నీళ్లలా జారుగా కలుపుతారు. బోర్లించిన కుండ, కింద మంట. పల్చటి గుడ్డని ఆ పిండిలో ముంచి కుండ వీపు మీదుగా ఒక్కసారి లాగితే చాలు. క్షణాల్లో నీరు ఆవిరైపోయి రేకు మిగులుతుంది. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకుల కిటుకంతా ఆ చేతివాటంలోనే ఉంది.

థిన్ ఫిల్మ్ ల్యాబ్‌లో మొదటి ఏడాది నేర్పే విషయాల్లో చాలావరకు ఇక్కడే ఉన్నాయి. పొర తనంతట తాను నిలబడదు. కింద ఓ ఆధారం కావాలి. ఆత్రేయపురంలో అది కుండ, ల్యాబ్‌లో గాజుపలకో సిలికాన్ బిళ్లో. కుండ వేడి చాలకపోతే రేకు ఊడిరాదు, ఎక్కువైతే మాడుతుంది. ల్యాబ్‌లోనూ ఆధారాన్ని ఎన్ని డిగ్రీల దగ్గర ఉంచామన్నదాన్ని బట్టే పొరలో అణువులు క్రమంగా సర్దుకుంటాయో, అడ్డదిడ్డంగా పడతాయో తేలుతుంది. పిండి చిక్కదనంలాగే ద్రావణం గాఢత కూడా మందాన్ని మార్చేస్తుంది. తేడా ఒక్కటే. రేకు కుండని వదిలి రావాలి. ల్యాబ్‌లో మాత్రం పొర చాలాసార్లు గాజుని పట్టుకుని వదలకూడదు.

పెద్ద యంత్రాల్లేని కాలేజీల్లో ఇప్పటికీ ఇదే దారి. వేడి పలక మీద గాజుముక్క పెట్టి, లోహ లవణాల ద్రావణాన్ని సన్నని తుంపరగా చల్లుతారు. దీన్ని స్ప్రే పైరాలసిస్ అంటారు. ఖర్చు తక్కువ, పనికొచ్చే పొరలూ వస్తాయి. కానీ చిప్స్ ప్యాకెట్‌లాగా స్వచ్ఛమైన అల్యూమినియం పూత కావాలంటే తుంపర సరిపోదు. అందుకు ముందు గాలిని బయటికి పంపాలి.

ముందు ఖాళీ చేయాలి

ఎందుకంటారా? మనం పీల్చే గాలి ఒక ఘన సెంటీమీటరులో కోటి కోట్లకు సుమారు రెండున్నర లక్షల రెట్లు అణువులుంటాయి. ఆ రద్దీలో ఒక అణువు మైక్రాన్‌లో పదో వంతు దూరం వెళ్లకుండానే ఇంకోదాన్ని గుద్దుకుంటుంది. అల్యూమినియం ఆవిరి గాజుదాకా చేరేదెలా? చేరినా దారిలో ఆక్సిజన్‌ని వెంటేసుకుని వస్తుంది. అందుకే గంట ఆకారంలోని గాజు జాడీలోనో ఉక్కు గదిలోనో పీడనాన్ని వాతావరణంలో పది కోట్లో వంతుకి తగ్గిస్తారు. అప్పుడు అణువు దేన్నీ ఢీకొట్టకుండా ఆరేడు మీటర్లు వెళ్లగలదు. గది ఎత్తు అందులో పదో వంతు కూడా ఉండదు. ఇంకేం... తిన్నగా వెళ్లి గాజుకి అతుక్కోవడమే.

టంగ్‌స్టన్ రేకుని చిన్న దొన్నెలా మడిచి, అందులో అల్యూమినియం ముక్క వేసి కరెంటు పంపుతారు. ల్యాబ్‌లో ఆ దొన్నెని 'బోటు' అంటారు. మామూలుగా దాదాపు 2500 డిగ్రీల దగ్గర మరిగే అల్యూమినియం, శూన్యంలో 1200 డిగ్రీలకే జోరుగా ఆవిరవుతుంది. సెకనుకి ఒక నానోమీటరు చొప్పున పడినా వంద నానోమీటర్ల పొరకి రెండు నిమిషాలు చాలు. గాలి తోడటానికి మాత్రం గంటలు పడుతుంది. మొదట రోటరీ పంపు, ఆ తర్వాత మరిగే నూనె ఆవిరితో అణువుల్ని కిందికి తోసే డిఫ్యూజన్ పంపు. దీన్ని చల్లబరచడానికి నీళ్లు ఆగకుండా పారుతుండాలి. మధ్యలో కరెంటు పోయి, కవాటాలు సమయానికి మూయకపోతే పంపు నూనె గదిలోకి ఎగదన్నుతుంది. ఆ రోజు తీయాల్సిన పొర సంగతి దేవుడెరుగు, ముందు గదినంతా తుడిచి ఆరబెట్టుకోవాలి!

అంత కష్టపడి ఖాళీ చేసినా గది నిజంగా ఖాళీ కాదు. ఘన సెంటీమీటరుకి ఇంకా 25 వేల కోట్ల అణువులు మిగిలే ఉంటాయి. అవి ఒక్క సెకను లోపే శుభ్రమైన ఉపరితలం మీద ఒక వరుసగా పరుచుకోగలవు. శూన్యమంటే ఏమీ లేకపోవడం కాదు, ఎంత మిగిలిందో లెక్క తెలియడం. ఆ లెక్క మీద ఓ తెలుగువాడు పుస్తకమే రాశారు.

గొరగనమూడి నుంచి న్యూయార్క్‌కి

ఆయన స్వామి జ్ఞానానంద. భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో పుట్టినప్పటి పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. కుర్రతనంలోనే ఇల్లు విడిచి హిమాలయాలకు వెళ్లిపోయారు. సన్యాసం పుచ్చుకుని ఏళ్ల తరబడి యోగసాధన చేశారు. 1927లో జర్మనీ వెళ్లింది కూడా భారతీయ తత్వం గురించి చెప్పడానికే. డ్రెస్డెన్‌లో ఉండగా ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ఆయన్ని కట్టిపడేసింది. ముప్పై దాటిన వయసులో, కాషాయం కట్టుకునే, గణితం, భౌతికశాస్త్రం మొదటినుంచీ చదువుకున్నారు. ప్రాగ్‌లో ఎక్స్ కిరణాల వర్ణపటాలపై డాక్టరేట్, ఆ తర్వాత లివర్‌పూల్‌లో న్యూట్రాన్‌ని కనుగొన్న చాడ్విక్ దగ్గర బీటా కిరణాల మీద పరిశోధన, అక్కడినుంచి అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయం. ఇంత తిరిగిన సన్యాసి మరొకరు మనకి దొరకడం కష్టమే.

ఆయన చేపట్టిన రెండు పనులకీ శూన్యం లేనిదే గడవదు. బీటా కిరణాలంటే ఎలక్ట్రాన్లు. గాలి తగిలితే వాటి శక్తి తరిగిపోతుంది. అసలు కిరణాలిచ్చే రేడియోధార్మిక పదార్థాన్నే అతి పలుచని పొరగా పరచాలి. మందంగా ఉంటే ఎలక్ట్రాన్లు బయటపడేలోపే బలహీనపడిపోతాయి. బీటా కిరణాల్ని కొలవాలనుకునేవారికి పలుచని పొరల గొడవ కూడా తప్పదన్నమాట. శూన్యాన్ని ఎలా సృష్టించాలి, ఎలా కొలవాలి అన్నదాని మీద ఆయన రాసిన 'హై వాక్యువా'ని 1947లో న్యూయార్క్‌లోని వాన్ నోస్ట్రాండ్ సంస్థ ప్రచురించింది. స్వదేశానికి తిరిగొచ్చి ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేశాక, 1954లో విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరి అణు భౌతికశాస్త్ర విభాగానికి పునాది వేశారు. 1969లో కన్నుమూశారు. యోగిగా ఆయన పేరు తెలిసినవాళ్లు భీమవరం వైపు ఇప్పటికీ ఉంటారు. పంపులూ గేజీల మీద రాసిన పుస్తకం సంగతి తెలిసినవాళ్లు మాత్రం అరుదు.

తీశాం సరే, ఏం తీశాం?

పొర గాజు మీద పడింది. చూడటానికి మెరుస్తోంది. అక్కడితో సగం పనే అయినట్టు. అది అనుకున్న పదార్థమేనా? మందమెంత? అణువులు ఎలా పేర్చుకున్నాయి? కంటికి కనిపించనిదాన్ని గురించి సమాధానం చెప్పాలి.

మొదటి పరీక్షకి కావాల్సింది మామూలు టేపు. గాజు మీద అతికించి చటుక్కున లాగుతారు. టేపుతోపాటు పొర ఊడొచ్చిందా, గాజుని సరిగ్గా కడగలేదని అనుమానించాలి. ఒక్క వేలిముద్ర చాలు పొరని చెడగొట్టడానికి! మందాన్ని, పొర పడుతుండగానే పక్కనుంచిన క్వార్ట్జ్ స్ఫటికం చెబుతుంది. సెకనుకి లక్షలసార్లు కంపించే ఆ స్ఫటికం మీద బరువు పెరిగేకొద్దీ కంపనాల సంఖ్య తగ్గుతుంది. తగ్గుదలని బట్టి మందం లెక్కగడతారు. తర్వాత పొర అంచు మీదుగా సన్నని సూదిని నడిపించి మెట్టు ఎత్తు కొలిచి సరిచూస్తారు. రెండూ కలవకపోతే మళ్లీ మొదటికే. ఇంత పట్టుదల దేనికంటే, విద్యుత్ నిరోధకత లెక్కలో మందం ఉంటుంది. మందం పది శాతం తప్పితే ఆ లెక్కా పది శాతం తప్పుతుంది. దాన్ని నమ్మి ఇంకొకరు కట్టే సోలార్ సెల్ లెక్కకూడా గాడి తప్పుతుంది.

ఇక అసలు పరీక్ష ఎక్స్ కిరణాలది. పొర మీద ఆ కిరణాలు పడితే అణువుల వరుసల్ని బట్టి కొన్ని కోణాల్లో మాత్రమే బలంగా తిరిగొస్తాయి. గ్రాఫు మీద అవి కొండ శిఖరాల్లా కనిపిస్తాయి. ఏ పదార్థం శిఖరాలు ఆ పదార్థానివే. వేలిముద్రల్లాగా అన్నమాట. ఉండాల్సిన చోట శిఖరం లేకపోయినా, ఉండకూడని చోట ఒకటి లేచినా నెలల శ్రమ ప్రశ్నార్థకమే. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు, ఉపరితలాన్ని సూదిమొనతో తడిమే అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపు ఆ తర్వాతి మెట్లు.

డబ్బాలో పొరలు, చేతిలో టికెట్

తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో సౌరశక్తి పొరల మీద దశాబ్దాలుగా పరిశోధన జరుగుతోంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ, బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐలోనూ పూతల మీద పెద్ద పనే నడుస్తోంది. పెద్ద సంస్థల్లో పొర తీసే గదీ కొలిచే గదీ పక్కపక్కనే ఉంటాయి. చిన్న కాలేజీల పరిశోధకుల పరిస్థితి వేరు. పొర ఒకచోట, దాన్ని కొలిచే యంత్రం ఇంకోచోట. కేంద్ర ప్రభుత్వ సాయంతో మద్రాస్ ఐఐటీలో నడుస్తున్న పరికరాల కేంద్రం బయటివాళ్ల నమూనాల్ని రుసుము తీసుకుని పరీక్షించి పెడుతుంది. బెంగళూరు ఐఐఎస్‌సీ, బొంబాయి ఐఐటీలు 2008లో మొదలుపెట్టిన పథకం కింద బయటి విద్యార్థులు అక్కడి యంత్రాల మీద పనిచేసుకునే అవకాశమూ కలిగింది. ఇవి లేకపోతే చాలా థీసిస్‌లు సగంలోనే ఆగేవి. అయినా కొత్త యంత్రం కొనేటప్పటి ఉత్సాహం, ఉన్న యంత్రాన్ని బాగుచేయించేటప్పుడూ కనిపిస్తే విద్యార్థులకు ఇన్ని ప్రయాణాలు తప్పుతాయి.

కాకినాడ, రాజమండ్రి వైపు విద్యార్థికి చెన్నై అంటే సర్కార్ ఎక్స్‌ప్రెస్, తిరుపతో బెంగళూరో అయితే శేషాద్రి. బట్టల సంచీ ఎక్కడైనా పెట్టొచ్చు, గాజుపలకల డబ్బా మాత్రం ఒళ్లోనే ఉండాలి. ఒక్కో పలకకీ నంబరు, తీసిన తేదీ. తేమ తగలకుండా సిలికా జెల్ పొట్లాలు. తేమ చేరితే కొన్ని పొరలు దారిలోనే మారిపోతాయి, అక్కడ కొలిచేది ఇక్కడ తీసిన పొర కాకుండా పోతుంది. వారానికో రెండు వారాలకో గ్రాఫులొస్తాయి. పన్నెండు పలకల్లో మూడే బాగున్నాయని తేలితే, మిగతా తొమ్మిదీ ఎందుకు చెడ్డాయో రాసుకుని, సబ్బు నీళ్లు, అసిటోన్ ముందేసుకుని మళ్లీ గాజుపలకలు కడగడం మొదలుపెట్టాలి.