మట్టి వెనుక నక్షత్రాలు

చదువు ఒంటబట్టని పిల్లవాణ్ణి 'మట్టిబుర్ర' అంటాం. పొలంలో కష్టపడేవాణ్ణి 'మట్టి పిసుక్కునేవాడు' అని చిన్నచూపు చూస్తాం. సమాధుల తోటలో పెట్టె మీద గుప్పెడు మన్ను వేసి, మనిషి వచ్చిందీ పోయేదీ మట్టిలోకేనని పాస్టరుగారు గుర్తుచేస్తే 'ఇంతేగా మన బతుకు' అని నిట్టూరుస్తాం. మన మాటల్లో మట్టి అంటే విలువలేనిది. అయితే మనిషిని నిర్మించడానికి దేవుడు ఎంచుకున్నది ఆ మట్టినే (ఆది. 2:7). అది ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకుంటే ఇక దాన్ని చులకన చేయలేం.

భూమి మీద బతుకంతా ఒక నక్షత్రం మీద ఆధారపడి ఉంది. ఆ నక్షత్రమే సూర్యుడు. సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి బయల్దేరిన వెలుగు 8 నిమిషాల 20 సెకన్లలో మన పొలాల్లోని పైరును చేరుతుంది. అది లేకపోతే మనకు గింజ లేదు, నీటి ఆవిరి లేదు, వాన లేదు. ఇది అందరికీ తెలిసిందే. మరి రాత్రివేళ మినుకుమినుకుమనే మిగతా నక్షత్రాలతో మనకేం పని? ఆదికాండం మొదటి అధ్యాయం కూడా వాటిని ఒక్క చిన్న మాటతో ముగించేసింది (ఆది. 1:16).

ఆ చిన్న మాట వెనుక ఎంత పెద్ద పని జరిగిందో ఇరవయ్యో శతాబ్దంలో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. విశ్వం ఆరంభంలో ఉన్నవి దాదాపుగా హైడ్రోజన్, హీలియం వాయువులే. వాటితోనే మట్టి తయారు కాదు, మనిషీ తయారు కాడు. మన దేహానికి కావలసిన కార్బన్, ఊపిరికి కావలసిన ఆక్సిజన్, ఎముకల్లోని కాల్షియం, రక్తంలోని ఇనుము నక్షత్రాల కొలిమిలో తయారయ్యాయి. మార్గరెట్ బర్బిడ్జ్, జెఫ్రీ బర్బిడ్జ్, విలియం ఫౌలర్, ఫ్రెడ్ హాయిల్ అనే నలుగురు 1957లో ఈ సంగతిని వివరంగా రాశారు. కోట్ల ఏళ్ళు వెలిగిన పెద్ద నక్షత్రాలు ఇంధనం అయిపోయాక కూలి, పేలిపోయి, తమలో ఉన్నదంతా ఆకాశంలోకి వెదజల్లుతాయి. అలాంటి ధూళి కలిసిన మేఘం నుంచే సుమారు 460 కోట్ల ఏళ్ళ క్రితం సూర్యుడు, భూమి ఏర్పడ్డాయి.

1987 ఫిబ్రవరిలో అలాంటి పేలుడు ఒకటి దక్షిణార్ధగోళం వాళ్ళకు మామూలు కంటికే కనిపించింది. దాని దూరం సుమారు 1 లక్షా 60 వేల కాంతి సంవత్సరాలు. అందులో పుట్టిన నికెల్ కోబాల్టుగా, కోబాల్టు ఇనుముగా మారుతున్న ఆనవాళ్ళను శాస్త్రజ్ఞులు పరికరాలతో పసిగట్టారు.

ఇన్ని కోట్ల ఏళ్ళ లెక్కలు విని కొందరు విశ్వాసులు కలవరపడతారు. దేవుని కాలాన్ని మన గడియారాలతో కొలవలేమని పేతురు భక్తుడు ఎప్పుడో చెప్పాడు (2 పేతురు 3:8). గుప్పెడు మట్టి కోసం అంత ఓపిక పట్టిన దేవుడు ఆ మట్టితో చేసిన మనిషిని తేలికగా తీసుకుంటాడా?

ఒక మనిషి ఒంట్లో ఉండే ఇనుము సుమారు 3, 4 గ్రాములు. అందులో ఎక్కువ భాగం రక్తంలో ఉండి, ఊపిరితో లోపలికి వెళ్ళిన ఆక్సిజన్‌ను ఒళ్ళంతా మోస్తుంది. భూస్వామి రక్తంలోనూ, కూలివాడి రక్తంలోనూ ఉన్నది నక్షత్రాల్లో పుట్టిన ఇనుమే. దానికి కులం తెలియదు. అయినా ఒకే బల్ల దగ్గర ప్రభు భోజనం తీసుకున్నవాళ్ళమే పెళ్ళి సంబంధం మాట వచ్చేసరికి వేరైపోతాం. కొన్నిచోట్ల సమాధుల తోటలు కూడా వేరు. మంచి బట్టలవాడికి ముందు కుర్చీ, మాసిన బట్టలవాడికి కాళ్ళ దగ్గర చోటు ఇచ్చే సంఘాన్ని యాకోబు ఆనాడే గద్దించాడు (యాకోబు 2:1-4). ఆ గద్దింపు ఇంకా మనకు అవసరమే.

నక్షత్రాలు ఇంత మేలు చేశాయని వాటికి మొక్కనక్కరలేదు, వాటికి భయపడనూ అక్కరలేదు (ద్వితీ. 4:19). అవి దేవుని చేతి పనిముట్లు. మన విలువ మన మట్టిలోని ఇనుములో లేదు. ఆ మట్టిలోకి దేవుడు ఊదిన ఊపిరిలో ఉంది, మన కోసం సిలువ మీద కారిన రక్తంలో ఉంది.

147వ కీర్తనలో రెండు వచనాలు పక్కపక్కనే ఉన్నాయి. నాలుగో వచనంలో దేవుడు నక్షత్రాలను లెక్కించి, ఒక్కొక్కదానికి పేరు పెడతాడు. దానికి ముందున్న మూడో వచనంలో ఆయనే గుండె పగిలినవారిని బాగుచేసి, వారి గాయాలకు కట్టు కడతాడు. అన్ని నక్షత్రాలను పేరుపేరునా ఎరిగిన దేవుడు అవమానంతో వెనుక బెంచీలో తలవంచుకున్న మనిషి పేరు మరచిపోడు. మనం కూడా మరచిపోకూడదు. ఈ ఆదివారం ఆ మనిషిని పేరుపెట్టి పలకరిద్దాం, పక్కన కూర్చోబెట్టుకుందాం.