గుడి అంటే కుడి అని రాసింది.. తప్పు పాపది కాదు

పోయిన ఏడాది మూడో తరగతి పిల్లలకు కంప్యూటర్‌తో ఉక్తలేఖనం పెట్టాను. మంచి ఉచ్చారణ ఉన్న ఒకామె చదివి రికార్డు చేసిన 20 పదాలు వినిపించాను. వెనక బెంచీలో కూర్చునే ఒక పాప ఏడు తప్పులు రాసింది. గుడి బదులు కుడి, గాలి బదులు కాలి, దారం బదులు తారం, శంఖం బదులు సంకం.

మాది హోసూరు వైపు. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. త, ద లకూ అంతే. రెండు భాషలూ రాసే పిల్లలకు ఈ తడబాటు మామూలే కదా అనుకున్నాను. సాయంత్రం పాపను తీసుకెళ్లడానికి వచ్చిన తల్లితో, "ఇంట్లో తెలుగు మాట్లాడటం తగ్గించారామ్మా?" అన్నాను. "మా ఇంట్లో ఇంకో భాషే లేదు సార్" అందామె చిన్నబోయి.

మర్నాడు అవే పదాలు నేనే చదివాను. పాప ఒక్క తప్పే రాసింది. అప్పుడు నాకు అనుమానం వచ్చింది. మధ్యాహ్నం గది ఖాళీగా ఉన్నప్పుడు ఏ పాఠమూ పెట్టకుండా స్పీకర్ సౌండ్ పెంచి, వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. "మ్‌మ్‌మ్" అని ఆగకుండా ఒక మోత. దానిమీద "స్‌స్‌స్" అని బుస. ఎవరో వచ్చి మౌస్ కదిపితే "చిర్‌ర్" అని మరో శబ్దం.

రొద ఎక్కడ పుడుతుంది?

కంప్యూటర్‌లో పాట గానీ పాఠం గానీ అంకెల రూపంలో ఉంటుంది. మదర్‌బోర్డు మీద ఉండే కోడెక్ అనే చిన్న చిప్ ఆ అంకెలను విద్యుత్ తరంగాలుగా మార్చి స్పీకర్‌కు పంపుతుంది. అంకెలుగా ఉన్నంతసేపు వాటికి రొద అంత తేలికగా అంటదు. తరంగంగా మారిన తర్వాతే చిక్కు. ఆ తరంగం చాలా బలహీనమైనది. దాని పక్కనే ప్రాసెసర్‌కు కరెంటు అందించే భాగాలు, ఫ్యాన్లు, గ్రాఫిక్స్ కార్డు పనిచేస్తుంటాయి. వాటి అలజడి ఇందులో కలుస్తుంది. మౌస్ కదిపితే వచ్చే "చిర్‌ర్" అదే.

"మ్‌మ్‌మ్" మోత వేరు. మన ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. కంప్యూటర్‌ను ఒక సాకెట్‌కు, యాంప్లిఫైయర్‌ను మరో సాకెట్‌కు పెడితే, రెండింటి ఎర్త్‌ల మధ్య చిన్న తేడా వచ్చినా 50, 100, 150 హెర్ట్జ్‌ల దగ్గర మోత వినిపిస్తుంది.

గ, ద, బ లను క, త, ప ల నుంచి వేరు చేసేది గొంతులోని కంపనం. పెద్దవాళ్లు మాట్లాడేటప్పుడు ఆ కంపనం సుమారు 85 నుంచి 255 హెర్ట్జ్‌ల మధ్య ఉంటుంది. మోత కూర్చున్నదీ అక్కడే. శ, స ల్లోని గాలి శబ్దం చాలావరకు 2,500 హెర్ట్జ్‌కు పైన ఉంటుంది. అక్కడ బుస అడ్డొస్తుంది. పదం ముందే తెలిసిన పెద్దవాళ్లం సగం విన్నా మిగతా సగం పూరించుకుంటాం. ఆ పదాన్ని ఇప్పుడే నేర్చుకుంటున్న పిల్లలకు అది సాధ్యం కాదు.

కొనేటప్పుడు ఏం చూడాలి?

తల్లిదండ్రులు చందాలు వేసుకుని బడికి కొత్త కంప్యూటర్ కొందామన్నారు. దుకాణంలో రంగురంగుల దీపాలున్న ఖరీదైన గేమింగ్ మదర్‌బోర్డు చూపించారు. సౌండ్ అద్భుతంగా ఉంటుందన్నారు.

లెక్క చూద్దాం. అసలు శబ్దానికీ రొదకూ ఉన్న తేడాను డెసిబెల్స్‌లో చెబుతారు. ఎంత ఎక్కువైతే అంత మంచిది. మామూలు బోర్డుల్లో కనిపించే రియల్‌టెక్ ఏఎల్‌సీ 887 చిప్‌కు కంపెనీ చెప్పే అంకె 97. ఖరీదైన బోర్డుల్లో ఉండే ఏఎల్‌సీ 1220కి 120. సీడీ నాణ్యతకు 96 చాలు. అంటే పాఠం వినిపించడానికి చౌక చిప్ కూడా సరిపోతుంది. కాకపోతే ఆ అంకె చిప్‌ది మాత్రమే, బోర్డుది కాదు. బోర్డు మీద దాన్ని ఎలా అమర్చారన్నదే అసలు విషయం.

అందుకే బోర్డును చేతిలోకి తీసుకుని చూడండి. సౌండ్ భాగం ప్రాసెసర్‌కు దూరంగా ఒక మూలన ఉందా? దాన్ని మిగతా బోర్డు నుంచి వేరు చేస్తూ సన్నని గీత కనిపిస్తోందా? పక్కన ఆడియో కోసం పెట్టిన కెపాసిటర్లు వరుసగా ఉన్నాయా? వెనకవైపు ఆప్టికల్ పోర్టు ఉందా? అందులో శబ్దం వెలుతురు రూపంలో వెళుతుంది కాబట్టి ఎర్త్ మోత ఆ దారిన రాదు. అయితే యాంప్లిఫైయర్‌కూ ఆ పోర్టు ఉండాలి. హెడ్‌ఫోన్ల కోసం పెట్టే ప్రత్యేక యాంప్లిఫైయర్, దీపాలు, లోహపు మూతల కోసం బడి డబ్బు పోయనక్కర్లేదు. మేం ఈ గుర్తులున్న మధ్యరకం బోర్డే తీసుకున్నాం. మిగిలిన డబ్బుతో మంచి స్పీకర్ వచ్చింది.

ముందు ఉన్నదాన్ని చక్కదిద్దండి

కొత్తది కొనే స్తోమత అన్ని బళ్లకూ ఉండదు. పాత కంప్యూటర్‌ను మాత్రం పారేయనక్కర్లేదు. కంప్యూటర్లు బాగుచేసే మా పూర్వ విద్యార్థి ఒకరు వచ్చి చేసినవి ఇవి.

స్పీకర్ తీగను కేబినెట్ ముందున్న రంధ్రంలోంచి తీసి, వెనకున్న ఆకుపచ్చ రంధ్రంలో పెట్టాడు. ముందు రంధ్రానికి వెళ్లే తీగ బోర్డు అంచు నుంచి కేబినెట్ లోపలంతా తిరిగి, దారిలో అలజడిని మూటగట్టుకుని వస్తుంది. "చిర్‌ర్" చాలావరకు తగ్గింది. తర్వాత కంప్యూటర్, యాంప్లిఫైయర్ రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కలిపాడు. మోత పోయింది. మోత పోగొట్టడానికి కొందరు ప్లగ్‌లోని ఎర్త్ పిన్ను విరగ్గొడతారు. పిల్లలుండే చోట ఆ పని ఎప్పుడూ చేయకండి, షాక్ కొట్టే ప్రమాదం ఉంది.

అయినా బుస మిగిలితే యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్ పెట్టుకోవచ్చు. అప్పుడు అంకెలు తరంగాలుగా మారే పని కేబినెట్ బయట జరుగుతుంది. ఎర్త్ మోతను మాత్రం అది అన్నిసార్లూ ఆపలేదు. ఇంకో మాట. ఫోన్లో చేతులు మారి నలిగిపోయిన రికార్డింగును ఏ మదర్‌బోర్డూ బాగుచేయలేదు. వీలైతే అసలు ఫైలే తెప్పించుకోండి.

తల్లిదండ్రుల సమావేశంలో ఆ పాప తల్లిని కలిసి, "తప్పు పాపది కాదమ్మా, మీ ఇంటిదీ కాదు. మా కంప్యూటర్‌ది. అడక్కుండా అన్నందుకు నాదీ" అని చెప్పాను. ఆమె నవ్వి ఊరుకుంది. ఇప్పుడు ఉక్తలేఖనం పెట్టే ముందు రెండు పదాలు వినిపించి, వెనక బెంచీలో కూర్చుని వింటాను. గుడి, కుడి వేరువేరుగా వినిపిస్తేనే పిల్లలను పలకలు తీయమంటాను.