సాంచాల మోతలో పాట

కోరుట్లలో ఒక ఇంటి అరుగు మీద, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతున్న అమ్మను ఊహించుకోండి. కళ్లూ చేతులూ పనిలో ఉన్నాయి. చెవులు మాత్రం ఖాళీ! అందుకని అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన ఎంపీ3 ప్లేయరు పక్కన పెట్టుకుని పాటలు వింటున్నది. ధ్వని అంకె 6 దగ్గర పెడితే పాట హాయిగా వినిపిస్తున్నదనుకుందాం. ఇప్పుడు అదే ప్లేయరును సిరిసిల్లకు తీసుకువెళ్లి మరమగ్గాల షెడ్డులో వినండి. మరమగ్గాలను అక్కడివాళ్లు సాంచాలంటారు. 6 కాదుకదా, 12 పెట్టినా పల్లవి అందదు. 20 దాకా పోతేగాని గాయకుని గొంతు తెలియదు. ప్లేయరు అదే, పాటా అదే. మరి మారినదేమిటి?

దీనికి జవాబు చిత్రంగా ఆ ప్లేయరులోనే దాగి ఉంది.

పాత క్యాసెట్టులో పాట అయస్కాంతపు పూతమీద ఉండేది. ఈ ప్లేయరులో ఉన్నవి అంకెలు మాత్రమే. ధ్వని తరంగం ఎత్తుపల్లాలను సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 సున్నాలు, ఒకట్లతో రాస్తారు. కుడి చెవికి, ఎడమ చెవికి వేరువేరుగా రాయాలి కనుక సెకనుకు 14 లక్షలకు పైగా అంకెలవుతాయి. నాలుగు నిమిషాల పాటకు దాదాపు 42 మెగాబైట్ల చోటు కావాలి. ఇంత చోటు పెడితే చిన్న ప్లేయరులో ఎన్ని పాటలు పడతాయి?

జర్మనీలో ఫ్రౌన్‌హోఫర్ సంస్థకు చెందిన కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్, ఆయన తోటి శాస్త్రజ్ఞులు ఇక్కడ మన చెవికున్న ఒక బలహీనతను వాడుకున్నారు. డప్పు మోగుతుంటే పక్కవాడి గుసగుస మీకు వినపడుతుందా? పెద్ద శబ్దం చిన్న శబ్దాన్ని మరుగుపరుస్తుంది. పాటలోనూ అంతే. తబలా దెబ్బ చాటున ఎన్నో చిన్న శబ్దాలు చెవికి అందకుండా పోతాయి. ఎలాగూ వినపడని వాటి కోసం అన్ని అంకెలు ఖర్చు చేయడమెందుకు? వాటిని తగ్గించేస్తే అదే పాట సుమారు 4 మెగాబైట్లలో ఇమిడింది. అందుకే 4 గిగాబైట్ల కార్డులో దాదాపు వెయ్యి పాటలు పడుతున్నాయి. 1998లో దక్షిణ కొరియా నుంచి ఎంపీమ్యాన్, 2001లో అమెరికా నుంచి ఐపాడ్ వచ్చాయి. ఐపాడ్ తయారీ 2022లో ఆగిపోయింది. ఇప్పుడు చాలామందికి ఫోనే పాటలపెట్టె.

ఇక షెడ్డులోకి వద్దాం. సాంచాలో నాడె నిమిషానికి నూరుసార్లకు పైగా ఆ కొసనుంచి ఈ కొసకు దెబ్బతిని దూకుతుంది. ఇలాంటి సాంచాలు వరుసగా నడిచే షెడ్డులో మోత సాధారణంగా 90 డెసిబెల్‌లు దాటుతుంది. ప్లేయరులో తబలా చేసిన పనే ఇక్కడ సాంచా చేస్తున్నది. అది మొత్తం పాటనే మరుగుపరుస్తున్నది! పాట వినాలంటే దానిని మోతతో సమానం చేయాలి. మోత 95 ఉంటే పాటా ఆ దరిదాపులకు చేరుతుంది. చిక్కు ఏమిటంటే, అది పెద్దగా ఉన్నట్టు మనకు తోచనే తోచదు. కాని లోపలి చెవికి రెండూ చేరి 98 అవుతాయి. (95కు 95 కలిస్తే 190 కాదు. డెసిబెల్‌లలో 3 పెరిగితే ధ్వని శక్తి రెట్టింపు అయినట్టు.)

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్‌ల ధ్వనిని వారానికి 40 గంటలు వినవచ్చు. పిల్లలకైతే ఆ హద్దు 75. ప్రతి 3 డెసిబెల్‌లకూ ఆ సమయం సగమవుతుంది. 83కు 20 గంటలు, 86కు 10, 89కు 5. ఇలా దిగుతూ 98 దగ్గరకు వచ్చేసరికి వారం మొత్తానికి మిగిలేది 40 నిమిషాల లోపే! పొద్దంతా సాంచాల నడుమ నిలబడేవారి సంగతి మీరే లెక్క కట్టండి. లోపలి చెవిలో ధ్వనిని అందుకునే రోమకణాలు సుమారు 15 వేలు ఉంటాయి. చచ్చినవి మనిషిలో మళ్లీ మొలవవు.

అందువల్ల ప్లేయరు కొనేటప్పుడు మొదట చూడవలసింది పెట్టెను కాదు, ఇయర్‌ఫోనును. చెవి బయట ఊరికే వేలాడే రకం బయటి మోతను అడ్డుకోదు. రబ్బరు బుడిపె చెవి రంధ్రంలో బిగుతుగా కూర్చునే రకం ఎంతో కొంత అడ్డుకుంటుంది. బుడిపెలు రెండు మూడు సైజులలో ఇస్తారు, మీ చెవికి సరిపోయేది ఎంచుకోండి. సరిగా కూర్చుంటే జగిత్యాల నుంచి కరీంనగర్ పోయే బస్సులో కూడా ధ్వని అంతగా పెంచనక్కర లేదు. అయితే రోడ్డు దాటేటప్పుడు దాన్ని తీసేయాలి. బస్సు హారను పాట కంటే ముఖ్యం.

పెట్టె విషయానికి వస్తే, చూడకుండానే వేలితో నొక్కడానికి వీలైన మీటలు, పాటలు మార్చుకోవడానికి కార్డు పెట్టే చోటు, ధ్వనికి హద్దు పెట్టే ఏర్పాటు ఉంటే చాలు. మరీ నాణ్యమైన ధ్వని అంటూ అంగడివాడు ఎక్కువ ధర చెప్తే తొందరపడకండి. ఆ సూక్ష్మమైన తేడాలు నిశ్శబ్దమైన గదిలో తెలిస్తే తెలియవచ్చు గాని, బస్సు మోతలో అన్నిటికంటే ముందు మరుగునపడేవి అవే.

కొన్నాక ఒక పని చేయండి. రాత్రి ఇల్లు సద్దుమణిగాక పాట స్పష్టంగా వినిపించే కనిష్ఠపు అంకె ఎంతో చూసి రాసుకోండి. బయట దానికంటే ఎంత పెంచవలసి వస్తున్నదో గమనిస్తే అక్కడి మోత ఎంతో మీ ప్లేయరే చెబుతుంది. బాగా పెంచవలసి వస్తే అది పాట వినే చోటు కాదు.

సాంచాల షెడ్డు అలాంటి చోటే. అక్కడ చెవుల్లో ఉండవలసింది పాట కాదు, మోతను తగ్గించే మెత్తటి చెవిబిరడాలు. వాటి ధర ఇయర్‌ఫోను కంటే తక్కువే. మీ ఇంట్లో సాంచాల పనికి పోయేవారుంటే, డ్యూటీ దిగి వచ్చాక చెవుల్లో గింగురుమంటున్నదా అని అడిగి చూడండి. అది రోమకణాలు అలసిపోయాయనడానికి గుర్తు. ఒకటి రెండు రోజులైనా తగ్గకపోతే చెవి డాక్టరుకు చూపించాలి.