నీళ్ల బుడ్డి వయస్సు

రెండవ ప్రపంచయుద్ధం 1945లో ముగిసింది. ఆ యుద్ధంలో జర్మన్ సిపాయిలు నడుముకు తగిలించుకు తిరిగిన సరుకులకు మాత్రం ఇప్పటికీ గిరాకీ తగ్గలేదు. కత్తులూ, పతకాలూ పోగుచేసేవారు వేరే ఉన్నారు. వాటి జోలికి నేను పోను. నీళ్ల బుడ్డి, అన్నం డబ్బా, రొట్టెల సంచి – ఇవీ నా బల్లమీదకు వచ్చేవి. "ఇది అసలుదేనా అండీ? ఏ సంవత్సరానిది?" అని అడుగుతారు. వెంట ఒక కథ కూడా తెస్తారు. కథ వింటాను. విన్న తరువాత దానిని పక్కన పెట్టి భూతద్దం తీస్తాను.

మాటవరసకు 1931 నమూనా నీళ్ల బుడ్డినే చూడండి. అల్యూమినియంది, మన ఇళ్లలో సత్తు అంటామే, అదే. ముప్పాతిక లీటరుకు కాస్త పైగా నీళ్లు పడతాయి. దానికి గోధుమరంగు ఉన్ని ఫెల్టు తొడుగు, తొడుగుకు టిచ్ బొత్తాలు, మెడమీద బోర్లించిన కప్పు, అన్నింటినీ కలిపి బిగించే తోలు పట్టీ. మెడ దగ్గర తయారుచేసినవారి పొడి అక్షరాలూ, సంవత్సరపు చివరి రెండంకెలూ గుద్ది ఉంటాయి. 39 అంటే 1939 అన్నమాట. ఇంకేం, వయస్సు తేలిపోయిందిగా అంటారు కాబోలు! అంకెలు గుద్దడానికి ఒక అచ్చూ, ఒక సుత్తీ చాలు.

అందుచేత ఒక ముద్రకు ఇంకొక ముద్రచేత సాక్ష్యం చెప్పిస్తాను. మొదట్లో తోలు సామానుమీద కంపెనీ పేరు, ఊరు, సంవత్సరం ముద్రించేవారు. యుద్ధం ముదిరిన తరువాత, 1943 ప్రాంతంలో, పేరుకు బదులు "ఆర్‌బీ నంబరు" అనే గుర్తింపు సంఖ్య వాడుకలోకి వచ్చింది. పట్టీమీద 1938 అని ఉండి, దాని పక్కనే ఈ నంబరు ఉన్నదంటే, పుట్టకముందే పేరు పెట్టించుకున్న బిడ్డ అన్నట్టే!

అలాగని బుడ్డిమీద 41, కప్పుమీద 37 ఉన్నంత మాత్రాన దొంగసరుకని కొట్టిపారేయకూడదు. కప్పు పోగొట్టుకున్న సిపాయికి స్టోరులో ఏది ఉంటే అది ఇచ్చేవారు. నన్నడిగితే, అన్ని భాగాలమీదా ఒకే సంవత్సరం, అన్నీ ఒకే తీరున నలిగి ఉన్న బుడ్డిమీదే నాకు అనుమానం ఎక్కువ.

నలుగుడు అన్నాను గనుక చెబుతున్నాను. టీ నీళ్లలో నానబెట్టి, గరుకు కాగితంతో రుద్ది ముసలితనం తెప్పించేవారు ఉన్నారు. వారి చేయి అంతటా ఒకేలా పడుతుంది. నిజమైన వాడకం అలా ఉండదు. కొక్కెం ఒరుసుకున్న చోట లోహం నున్నబడుతుంది. పట్టీ ఎత్తి చూస్తే, దానికింద ఎండ తగలని ఫెల్టు రంగు చుట్టుపక్కల కంటె ముదురుగా ఉంటుంది.

ఇక దారం. కుట్టు చివర వదులుగా ఉన్న ఒక్క పోగు పట్టకారుతో తీసి మంట చూపిస్తాను. నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది. ఉన్ని అయితే వెంట్రుక కాలిన కంపు. ముడుచుకుపోయి, కరిగి, గట్టి పూస కట్టిందా, అది కృత్రిమపు దారం. పాలియెస్టరు 1941లో ఇంగ్లండులో కనిపెట్టారు; బజారులోకి వచ్చింది యుద్ధం తరువాతనే. అయినా అసలు కుట్టేదో, తరువాతి మరమ్మతేదో చూడకుండా తీర్పు చెప్పరాదు. అతినీలలోహిత దీపం సంగతీ అంతే. యుద్ధం తరువాత సబ్బుపొడులలో విరివిగా కలిపిన తెల్లదనపు రసాయనాలు ఆ వెలుగులో నీలంగా మెరుస్తాయి. కాని అసలైన పాత సంచిని ఏ ఇల్లాలో ఆ పొడితో ఉతికి ఉంటే అదీ మెరుస్తుంది!

ఈ పరీక్షలే 1983లో పెద్ద గుట్టు రట్టుచేశాయి. హిట్లరు దినచర్యలంటూ 'స్టెర్న్' పత్రిక లక్షల మార్కులు పోసి కొన్న పుస్తకాలలో జర్మన్ జాతీయ అభిలేఖాగారంవారు ఆ మెరిసే రసాయనాన్నీ, బైండింగులో పాలియెస్టరునూ పట్టుకున్నారు. వాటిని రాసిన కొన్రాడ్ కుయావు అంతకుముందు నుంచీ నాజీ వస్తువుల వర్తకుడే. అందులోనూ నకిలీలు అమ్మినవాడే.

నేను వయస్సు కట్టనిది ఒకటున్నది. సిపాయి మెడలోని కోడిగుడ్డు ఆకారపు బిళ్ల. నడుమ విరవడానికి గాట్లు. రెండు సగాలమీదా ఒకే వివరాలు. మనిషి చనిపోతే కింది సగం విరిచి కార్యాలయానికి పంపేవారు, పై సగం శవంతోనే ఉంచేవారు. మట్టి అంటుకుని, విరగకుండా బిళ్ల దొరికిందంటే, ఆ మనిషి పేరు ఇంకా ఆచూకీ తెలియనివారి జాబితాలోనే ఉండి ఉండవచ్చు. నకిలీదయితే డబ్బు నష్టం; అసలుదయితే ఎవరి కుటుంబానికో అదొక్కటే ఆధారం. ఆ దస్తావేజులన్నీ 2019 నుంచి పైన చెప్పిన అభిలేఖాగారంలోనే ఉన్నాయి. బిళ్లమీది అంకెలూ, దొరికిన చోటూ రాసి అక్కడికి పంపమంటాను. పంపినవారున్నారు. ఒకాయన మాత్రం, "వెల చెప్పనివారు మీరెందుకండీ?" అని బిళ్ల జేబులో వేసుకుని లేచి వెళ్లిపోయారు.