పాత అంబాసిడర్‌కి వేరే బండి పార్ట్స్ పెడితే ఏమవుతుంది? రీస్టోరేషన్, ఇంజిన్ స్వాప్ పూర్తి వివరాలు

పాత ఫోన్‌లో కస్టమ్ రామ్ వేసినవాళ్లకి ఈ ఆర్టికల్ తొందరగా అర్థమవుతుంది. సపోర్ట్ ఆగిపోయిన ఫోన్‌లో కొత్త ఆండ్రాయిడ్ వేస్తాం, బూట్ కూడా అవుతుంది. కానీ కెమెరా పనిచేయదు, వైఫై డ్రైవర్ దొరకదు. పాత కారులో కొత్త ఇంజిన్ పెట్టడం కూడా అచ్చం ఇలాంటిదే. ఇంజిన్ స్టార్ట్ అవడం పనిలో సగం కూడా కాదు. తేడా ఏంటంటే, ఫోన్ బ్రిక్ అయితే డబ్బు పోతుంది, కారు బ్రేక్ పడకపోతే మనిషి పోతాడు.

మాది కృష్ణా జిల్లా శ్రీకాకుళం. ఉత్తరాంధ్రలోది కాదు, ఘంటసాల మండలంలో ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న ఊరు. ఇక్కడి నుంచి అవనిగడ్డ దాకా, ఇటు మచిలీపట్నం, గుడివాడ వైపు ఎక్కడ చూసినా పాత షెడ్లలో, రైస్ మిల్లుల వెనక ఒక అంబాసిడర్ పడి ఉంటుంది. "దీన్ని బాగుచేసి తిప్పితే?" అనే ఆలోచన చాలామందికి వస్తుంది. అందుకే ఈ కారునే ఉదాహరణగా తీసుకుందాం.

ముందు స్పెక్స్ చూద్దాం

అంబాసిడర్‌ని పశ్చిమ బెంగాల్ ఉత్తర్‌పారాలో హిందుస్తాన్ మోటార్స్ తయారు చేసింది. బేస్ మోడల్ బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. 1950ల చివర్లో మొదలై 2014 మేలో ప్రొడక్షన్ ఆగింది.

పాత మోడల్స్‌లో ఎక్కువగా కనిపించేది 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్, బీఎంసీ బీ-సిరీస్. పవర్ సుమారు 50 హార్స్‌పవర్. గేర్లు నాలుగు, గేర్ రాడ్ స్టీరింగ్ పక్కన ఉంటుంది. ముందు టార్షన్ బార్ సస్పెన్షన్, వెనక కమాన్ పట్టీలు, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులు. ఇంకో ముఖ్యమైన విషయం, ఇది జీపులా విడి ఛాసిస్ ఉన్న బండి కాదు, మోనోకాక్. అంటే బాడీయే ఛాసిస్. దీని సంగతి కింద చెప్తాను.

ఫ్యాక్టరీయే చేసిన స్వాప్

అంబాసిడర్‌లో అందరూ అడిగే స్వాప్ ఇసుజు ఇంజిన్. దీని వెనక కథ బాగుంటుంది. హిందుస్తాన్ మోటార్స్ కాంటెస్సా కోసం జపాన్ ఇసుజు కంపెనీ 1.8 లీటర్ పెట్రోల్ ఇంజిన్, 5 గేర్ల బాక్స్ తెచ్చింది. 1990ల మొదట్లో అదే ఇంజిన్‌ని అంబాసిడర్‌లో పెట్టి 1800 ఐఎస్‌జెడ్ పేరుతో అమ్మింది. 1817 సీసీ, సుమారు 75 హార్స్‌పవర్. అంటే పాత ఇంజిన్ కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు.

మనకి ఇందులో ఉన్న లాభం ఏంటంటే, రిఫరెన్స్ డిజైన్ రెడీగా ఉంది. ఇంజిన్ మౌంటింగ్, క్రాస్ మెంబర్, ప్రొపెల్లర్ షాఫ్ట్, రేడియేటర్, ఫ్లోర్ గేర్ లివర్, అన్నీ ఫ్యాక్టరీ ఒకసారి ఆలోచించి చేసినవే. స్క్రాప్‌కి వెళ్తున్న 1800 ఐఎస్‌జెడ్ ఒకటి దొరికితే డోనర్ బండిగా అంతకు మించింది లేదు. ప్రీమియర్ పద్మిని ఓనర్లు కూడా ఇలాగే 118 ఎన్‌ఈ వైపు చూస్తారు. అదే కంపెనీ కారు, అందులో నిస్సాన్ ఇంజిన్ ఉంటుంది.

వేరే కంపెనీ డీజిల్ ఇంజిన్ పెడితే మాత్రం ప్రతి పార్ట్ మీరే పోర్ట్ చేసుకోవాలి. గేర్‌బాక్స్‌కి అడాప్టర్ ప్లేట్ కావాలి, మౌంటింగ్‌లు కొత్తగా వెల్డింగ్ చేయాలి, షాఫ్ట్ కోసి బ్యాలెన్స్ చేయించాలి. అది సరిగ్గా లేకపోతే 70 దాటగానే బండి మొత్తం వణుకుతుంది. పైగా డీజిల్ ఇంజిన్ బరువు ముందు సస్పెన్షన్ మీద పడుతుంది.

ఇంజిన్ కంటే ముందు బ్రేకులు

ఇక్కడ చిన్న లెక్క. కదిలే బండిలో ఉండే ఎనర్జీ స్పీడ్‌తో కాదు, స్పీడ్ స్క్వేర్‌తో పెరుగుతుంది. 60లో వెళ్లే కారుని 90లో నడిపితే స్పీడ్ ఒకటిన్నర రెట్లే, కానీ బ్రేకులు పీల్చుకోవాల్సిన వేడి 2.25 రెట్లు. పాత డ్రమ్ములు అంత వేడికి ఫేడ్ అవుతాయి. పెడల్ తొక్కుతాం, బండి ఆగదు.

సో, పవర్ పెంచే ప్లాన్ ఉంటే ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు, సర్వో ముందు పెట్టాలి. తర్వాతి కాలం అంబాసిడర్లలో ఇవి వచ్చాయి కాబట్టి అవే వెతకండి. వేరే కారు డిస్క్ తెస్తే హబ్, బేరింగ్, వీల్ బోల్టుల దూరం, మాస్టర్ సిలిండర్ సైజు అన్నీ కలవాలి. వెనక డ్రమ్ములే ఉంచితే ముందు, వెనక బ్యాలెన్స్ కూడా చూడాలి. వెనక చక్రాలు ముందే లాక్ అయితే బండి తిరగబడినట్టు జారుతుంది.

వైరింగ్

పాత బండ్లలో ఆల్టర్నేటర్ బదులు డైనమో ఉంటుంది. ఐడిల్‌లో అది పెద్దగా ఛార్జ్ చేయదు. 60 వాట్ల హెడ్‌లైట్లు రెండు వేస్తే 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు. దానికి హారన్, వైపర్, మ్యూజిక్ సిస్టమ్, ఫోన్ ఛార్జర్ కలపండి. రాత్రి ట్రాఫిక్‌లో బ్యాటరీ ఖాళీ అవుతుంది.

ఏదైనా చిన్న కారు ఆల్టర్నేటర్ బ్రాకెట్ చేయించి పెట్టొచ్చు. డబ్బుకి విలువనిచ్చే అప్‌గ్రేడ్ ఇదే. అయితే పాత బ్రిటిష్ డిజైన్ కార్లలో కొన్నింటికి బ్యాటరీ పాజిటివ్ బాడీకి కలిపి ఉంటుంది. అది చూసుకోకుండా ఆల్టర్నేటర్ కలిపితే డయోడ్లు ఒక్క సెకనులో పోతాయి. హెడ్‌లైట్లకి రిలేలు, ప్రతి సర్క్యూట్‌కి ఫ్యూజ్ తప్పనిసరి.

ఇంకోటి, పెట్రోల్. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20. పాత రబ్బరు పైపులు, కార్బురేటర్ సీల్స్ దీనికి ఉబ్బి పగులుతాయి. ఇథనాల్‌ని తట్టుకునే పైపులు, సీల్స్ వేయించండి. వేడి ఇంజిన్ మీద పెట్రోల్ కారడం చిన్న విషయం కాదు.

మా వైపు అసలు శత్రువు తుప్పు

సముద్రం దగ్గర, చుట్టూ వరి చేలు, ఏడాదిలో సగం తేమ. దివిసీమ బండి కొనేటప్పుడు ఇంజిన్ తర్వాత, ముందు కింద పడుకుని ఫ్లోర్ చూడండి. డోర్ల కింద ఉండే సిల్స్, జాకీ పెట్టే చోట, వెనక కమాన్ పట్టీల మౌంటింగ్ దగ్గర స్క్రూడ్రైవర్‌తో గుచ్చండి. దిగిందంటే రేకు పోయినట్టే.

మోనోకాక్ అన్నాను కదా, అందుకే ఇది ముఖ్యం. ఇక్కడ తుప్పు అంటే అందం పోవడం కాదు, అస్థిపంజరం పోవడం. పైన మెరిసే పెయింట్ చూసి మోసపోవద్దు. చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకుని వెళ్లండి. అది అంటుకోని చోట రేకు లేదు, లప్పం ఉంది.

పార్ట్స్ ఎక్కడ?

మనకి దగ్గర్లో విజయవాడ జవహర్ ఆటోనగర్. టింకరింగ్, లేత్ పని, షాఫ్ట్ బ్యాలెన్సింగ్, పాత పార్ట్స్ అన్నీ ఒకేచోట దొరుకుతాయి. సెకండ్ హ్యాండ్ ఇంజిన్ కొంటే బిల్లు, డోనర్ బండి ఆర్‌సీ కాపీ లేకుండా తీసుకోవద్దు. దొంగ బండి ఇంజిన్ అయితే కేసు మీ మీదకి వస్తుంది.

చట్టం ఏమంటోంది?

చాలా వీడియోల్లో ఇది చెప్పరు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలు ఆర్‌సీలో ఉన్నదానికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే సంవత్సరం సవరణతో, అనుమతి లేని ప్రతి మార్పుకీ 5,000 రూపాయల జరిమానా లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. అదే మేక్, అదే టైప్ ఇంజిన్ అయితే రవాణా శాఖ అనుమతితో మార్చుకోవచ్చు. "అదే కంపెనీదే కదా" అని మీరే డిసైడ్ అవ్వకండి, ఇంజిన్ కొనకముందే ఆఫీసులో అడగండి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా చెప్పాలి. లేకపోతే యాక్సిడెంట్ రోజు క్లెయిమ్ రిజెక్ట్ అవ్వొచ్చు.

ఇంకో మెలిక ఉంది. 2021 జులై నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఫీజు 20,000, పదేళ్లకి చెల్లుతుంది, రెన్యువల్ 5,000. నంబర్ ప్లేట్‌లో వీఏ అని వస్తుంది. కానీ ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా ఒరిజినల్‌గా ఉండాలి, రోజువారీగా తిప్పకూడదు. అంటే ఇంజిన్ స్వాప్ చేసిన రోజే ఆ దారి మూసుకుపోతుంది.

ఫైనల్‌గా ఎవరికి ఏది?

మీ బండి 1970లదో అంతకు ముందుదో, ఒరిజినల్ ఇంజిన్ ఉంటే దాన్నే బోరింగ్ చేయించి ఉంచండి. పీకిన పార్ట్ ప్రతిదీ దాచండి. ఆల్టర్నేటర్, రిలేలు, సీట్ బెల్టుల్లాంటి బోల్టు విప్పితే వెనక్కి వచ్చే మార్పులే చేయండి. తర్వాతి మోడల్ అయ్యి, ఇంజిన్ పూర్తిగా పోయి, రోజూ నడపాలనుకుంటే ఇసుజు దారి సరైనది, అది కూడా అనుమతి చేతికొచ్చాకే.

ఏదైనా ఆర్డర్ మాత్రం మారదు: ముందు రేకు, తర్వాత బ్రేకులు, తర్వాత వైరింగ్, చివరికి ఇంజిన్. పెయింట్, అలాయ్స్, స్పీకర్లు డబ్బు మిగిలితే చూసుకోవచ్చు.