పుట్టగొడుగు కూర వండేముందు

తొలకరి వానలకు నేల తడవగానే ఝరాసంగం చుట్టుపక్కల గట్లమీద, చెదపుట్టల దగ్గర పుట్టగొడుగులు విచ్చుకుంటాయి. పైసా ఖర్చు లేకుండా ఇంటికి కూర దొరుకుతుంది. అయితే తినదగినదీ ప్రాణం తీసేదీ ఒకే వానకు మొలుస్తాయి.

మనవాళ్లు ఇష్టంగా తినే రకాన్ని చెదపురుగులే పుట్ట లోపల పెంచుతాయి. దాని గొడుగు నడుమ మొన తేలి ఉంటుంది. కాడ వేరులా సాగి పుట్ట లోతుకు దిగుతుంది. అందుకే తుంచకుండా మట్టి తవ్వి మొదలు చూడాలి. మొదట్లో సంచిలాంటిది ఉన్నా, గొడుగు కింది రేకులు ఆకుపచ్చగా మారినా ముట్టవద్దు. ఈ గుర్తులు లేనంత మాత్రాన మంచిదే అనుకోకూడదు. బాగా ఎరిగిన పెద్దలు చూసి చెప్పాలి.

హదీసులో వచ్చే 'కమ్అ' ఎడారిలో మట్టి కింద పెరిగేది. ఆ మాట మన గట్లమీది గొడుగులన్నిటికీ వర్తించదు.

వెండి నల్లబడలేదనీ, పురుగులు కొరికాయనీ ధైర్యపడకండి. అమానిటా జాతిలో కొన్నింటి విషం ఎంత ఉడికించినా పోదు. తిన్నాక 6 నుంచి 24 గంటల వరకు ఏమీ తెలియదు. తర్వాత వాంతులు, విరేచనాలు. ఒకరోజు తగ్గినట్టే ఉంటుంది, లోపల మాత్రం కాలేయం పాడవుతూ ఉంటుంది. 'తగ్గిందిలే' అని ఇంట్లో ఆగిపోతేనే ప్రాణం మీదికి వస్తుంది.

వండేముందు ఒకటి కాగితంలో చుట్టి పక్కన పెట్టండి. తేడా అనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి. దాన్ని డాక్టరుకు చూపండి. ఆ కూర తిన్నవారందరినీ, బాగున్నవారిని కూడా, వెంట తీసుకెళ్లండి.