గోడ మీది మిలిటరీ తాతది ఏ పటాలం?

మన్యంలో ఒక ఇల్లు. గోడకు దేవుడి పటాల వరసలోనే చెక్క ఫ్రేములో ఒక ఫోటో ఉందనుకుందాం. ఖాకీ చొక్కా, మోకాళ్ళ దాకా నిక్కరు, పిక్కలకు చుట్టిన పట్టీలు, వెనక స్టూడియో తెర. ఎవరీయన అంటే "మా మిలిటరీ తాత" అంటారు. ఏ పటాలం, ఏ ఊళ్ళో పనిచేశాడు అంటే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ ఫోటోను చదవడం నేర్చుకుంటే వచ్చే పనే. కావలసింది ఓపిక.

ముందు ఫోటోను కాపాడుకోవాలి. పొయ్యి పొగ, అరకు చెమ్మ రెండూ దానికి పడవు. అద్దానికి అంటుకుపోయి ఉంటే పీకకండి, తడిగుడ్డతో తుడవకండి. గుమ్మం దగ్గర వెలుతురు పక్కనుంచి పడేలా నిలబెట్టి టోపీ, భుజాలు, ఛాతీ, చేతులు, నడుము విడివిడిగా ఫోనుతో దగ్గరగా తీయండి. సులువుగా ఊడి వస్తేనే ఫ్రేము విప్పి వెనక వైపు చూడండి. పెన్సిల్ రాతో, స్టూడియో ముద్రో దొరకవచ్చు. అది సికింద్రాబాదో, బెంగళూరో అయితే కంటోన్మెంటు ఊరు కాబట్టి ఒక దారి కనిపించినట్టే.

ఇంకో జాగ్రత్త. ఖాకీ కట్టినవాళ్ళంతా సైన్యం కాదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై అల్లూరి సీతారామరాజు దళం దాడి చేశాక మన కొండల్లోకి మలబార్ స్పెషల్ పోలీసు వచ్చింది, తర్వాత అస్సాం రైఫిల్స్ వచ్చింది. మొదటిది పేరులోనే పోలీసు. జనం నోట మాత్రం తుపాకీ పట్టిన ప్రతివాడూ మిలిటరీయే. ఫారెస్టు గార్డుకూ ఖాకీయే. అందుకే ఇంట్లో చెప్పుకునే కథను వినండి, రాసుకోండి, కానీ దాన్ని ఆఖరి మాటగా తీసుకోకండి.

అసలు సంగతి భుజం మీద ఉంటుంది. భుజం పట్టీ అంచున ఇత్తడి అక్షరాలు ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫోటోలో అవి ఆర్.ఐ.ఎ.ఎస్.సి. అయితే ఆయన పనిచేసింది రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్‌లో, అంటే బళ్ళు, సరుకులు, రవాణా. దక్షిణాది వాళ్ళు యుద్ధానికి పనికొచ్చే జాతి కాదని బ్రిటిష్ వాళ్ళు ముద్ర వేయడం వల్ల మనవాళ్ళలో చాలామంది డ్రైవర్లుగా, ఫిట్టర్లుగా, రోడ్లు వేసే పయనీర్లుగా చేరారు. తాత తుపాకీ పేల్చలేదని తెలిస్తే చిన్నబుచ్చుకోనక్కర్లేదు. బర్మా అడవుల్లో రోడ్డు లేనిదే సైన్యం కదల్లేదు.

టోపీ మీది బిళ్ళలో ఏనుగు కనిపిస్తే మద్రాస్ రెజిమెంటును గుర్తు చేసుకోండి. 1803 నాటి అస్సాయి యుద్ధం నుంచి వచ్చిన ఏనుగు అది. గుర్తును బట్టి మనిషిని పోల్చుకోవడం మన్యానికి కొత్త కాదు. కొర్రా వాళ్ళకు సూర్యుడు, కిల్లో వాళ్ళకు పులి, పాంగి వాళ్ళకు గద్ద, వంతల వాళ్ళకు పాము. పటాలానికీ అలాంటి కులగుర్తు ఉంటుంది, అంతే తేడా. బిళ్ళ పైభాగంలో కిరీటం ఉంటే అది 1950 జనవరి 26కు ముందుది. నాలుగు సింహాల గుర్తు ఉంటే ఆ తర్వాతది. చేతి మీద వి ఆకారపు పట్టీ ఒకటైతే లాన్స్ నాయక్, రెండైతే నాయక్, మూడైతే హవల్దారు.

ఛాతీ మీది రిబ్బన్ల దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. పాత ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనిపించదు. ఎరుపు నల్లగా, నీలం లేతగా పడుతుంది. బర్మా స్టార్ రిబ్బన్‌లో మధ్యన వెడల్పాటి ఎర్ర చార, అటూ ఇటూ నీలం, ఆ నీలాల నడుమ సన్నని నారింజ గీతలు. ఆ ఫిల్ములో ముదురుగా కనిపించేది నీలం కాదు, ఎరుపు. కాబట్టి ఫోను యాప్‌తో రంగులు వేయించి పతకం పేరు తేల్చకండి. అవి యాప్ ఊహించిన రంగులు. రిబ్బన్లు ఎడమ ఛాతీ మీద ఉండాలి. కుడివైపు కనిపిస్తే బొమ్మ తిరగబడి అచ్చయిందేమో గుండీలు చూసి తేల్చుకోండి.

ఇంత చేసినా ఫోటో చెప్పేది మహా అయితే ఏ విభాగమో. మనిషిని పట్టిచ్చేది సర్వీసు నంబరు. పేరును నమ్ముకుంటే లాభం లేదు. అప్పలస్వామి అన్న ఒక్క పేరునే గుమాస్తాలు నాలుగైదు రకాలుగా రాసి ఉంటారు, ఇంటిపేరు అసలు ఎక్కకపోవచ్చు. జిల్లా పేరూ అంతే. ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. పాత కాగితాల్లో అరకు వైపు ఊళ్ళు వైజాగపటం జిల్లా కింద ఉంటాయి. 1936లో ఒడిశా విడిపోయే దాకా కోరాపుట్ కూడా అందులోదే.

నంబరు ఎక్కడ దొరుకుతుంది? పతకం ఉంటే దాని అంచు చూడండి. మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ వార్ మెడల్ అంచున నంబరు, పేరు, దళం చెక్కి ఉంటాయి. ఆ పతకం వెండిది కాక కంచుదైతే కూలీ దళంలో వెళ్ళి ఉండవచ్చు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ తిరిగి రాని వాళ్ళ పేర్లు కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలో ఉచితంగా వెతకవచ్చు. కొన్నిచోట్ల తండ్రి పేరు, ఊరు కూడా ఉంటాయి. తిరిగి వచ్చిన వాళ్ళ వివరాలకు ఆ విభాగం రికార్డు ఆఫీసుకు రాయాలి. మద్రాస్ రెజిమెంటుదైతే నీలగిరుల్లోని వెల్లింగ్టన్, మద్రాస్ ఇంజనీర్లదైతే బెంగళూరు. ఎలా రాయాలో తెలియకపోతే విశాఖలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

పతకం కూడా లేదంటారా? అటక మీద పాత ఇనప ట్రంకు పెట్టె ఉందేమో చూడండి. సిపాయిలు తమ నంబరు, హోదా, పేరు, దళం పెట్టె మీద పెయింటుతో రాయించుకునేవారు. మీద మరో రంగు పూసి ఉన్నా, మూతను ఎండకు ఏటవాలుగా తిప్పితే కింది అక్షరాల గట్లు తేలి కనిపించవచ్చు. పెట్టెలో చోళ్ళుంటే ముందు వాటిని చాటలో పోసుకుని, తర్వాత మూత తిప్పండి.